బంతి తన్ననివాడి తీర్పు

పెళ్లిచూపులకు వెళ్లేటప్పుడు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లడం మనలో ఆచారం. పిల్లవాడి జీతమెంతో ఆయనకు తెలియదు, పిల్ల ఏం చదివిందో తెలియదు. పెట్టిన ఫలహారం తిని, కాఫీ తాగి, గుమ్మం దిగేటప్పుడు “సంబంధం బాగానే ఉందండీ” అనడంతో ఆయన పని పూర్తవుతుంది. 2024 జూన్ నెలలో మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్‌ని ఎంపిక చెయ్యడానికి వేసిన కమిటీలో నా పేరు చూసినప్పుడు, నేనూ అలాంటి పెద్దమనిషినే కాబోలు అనుకున్నాను. రెండు జీడిపప్పులు, ఒక కాఫీ, చివర ఒక సంతకం. ఇంతకన్న నావల్ల కావలసిందేముంటుంది?

నాకూ బంతికీ ఉన్న చుట్టరికం కూడా అంతంత మాత్రమే. తొమ్మిదో తరగతిలో ఒకే ఒక్కసారి గట్టిగా తన్నాను. అది గోలువైపు కాక, గోలుకు చాలా దూరాన చెట్టునీడన నిలబడ్డ డ్రిల్లు మేష్టారి కళ్లజోడు వైపు వెళ్లింది. ఆ తరవాత ఆయన నన్ను పిలిచి, “నాయనా, నీకు పద్యాలు బాగా వస్తాయి గదా, అవే చూసుకో” అని హితవు చెప్పారు. నా జీవితానికి దారి చూపిన గురువుల్లో ఆయన్ని కూడా కలుపుకోవాలి. నేను తెలుగు ఎమ్మే చెయ్యడానికి ఆ కళ్లజోడు కూడా కొంత కారణం.

“ఇంత కాలేజీలో నేనే దొరికానా అండీ?” అని మా ప్రిన్సిపాలుగారిని అడిగాను.

“కమిటీలో ముగ్గురు. నేనొకణ్ణి. ఆట తెలిసినవారు ఒకరుండాలి గనక వేరే కాలేజీలో రిటైరయిన ఫిజికల్ డైరెక్టరుగారిని పిలిచాం. ఆటతో సంబంధం లేనివారు ఒకరుండాలి గదా, అది మీరు. మీకు ఎవరిమీదా పక్షపాతం ఉండదు” అన్నారాయన.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే నేను చేసిన మొదటి పొరపాటు. ఎందుకంటే, మోకాళ్ల నొప్పులతో ఆ ఉద్యోగం వదులుకుంటున్న పాత కోచ్‌గారు నాకు పద్దెనిమిదేళ్ల స్నేహితుడు.

ఆయన్ని గురించి రెండు మాటలు చెప్పాలి. నేను కాలేజీలో చేరిన కొత్తలో మాకు ఒకే వీధిలో అద్దె ఇళ్లు. సాయంత్రం ఆయన గ్రౌండు నుంచీ, నేను లైబ్రరీ నుంచీ వచ్చి, చెరువుగట్టు మీద కలిసి నడిచేవాళ్లం. పెళ్లికి వెళ్లినా ఆయన మెడలో ఈల వేలాడుతూండేది. బూట్లు కొనుక్కోలేని కుర్రాళ్లకు తన జేబులోంచి కొనిపెట్టి, ఇంట్లో చీవాట్లు తినేవారు. తెల్లవారుజామున హాస్టలు తలుపులు తట్టి లేపేవారు. ఇరవై రెండేళ్లలో ఆయన చేతికింద ఆడినవాళ్లలో పోలీసు ఉద్యోగాలూ రైల్వే ఉద్యోగాలూ తెచ్చుకున్నవాళ్లు ఎంతమందో. మా ఆవిడ ఆయన్ని “అన్నయ్యగారూ” అంటుంది. ఆయన కొడుకు నన్ను “బాబాయిగారూ” అంటాడు.

ఆ కొడుకే ఇప్పుడు దరఖాస్తు పెట్టాడు.

పెట్టడంలో తప్పేమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లవాడు. మా కాలేజీ జట్టుకే కెప్టెనుగా ఆడాడు. కోచింగులో మొదటి మెట్టు అయిన డి లైసెన్సు తెచ్చుకున్నాడు. నెమ్మదస్తుడు. నా క్లాసులో కూర్చుని పద్యాలు అప్పజెప్పినవాడు. అతని పేరు కాగితం మీద చూడగానే నాకు సంతోషమే కలిగింది. ఆ పక్కన మరో నాలుగు కాగితాలున్నాయన్న సంగతి కాస్త ఆలస్యంగా గుర్తుకొచ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కోచ్‌గారు మా ఇంటికి వచ్చారు. వానలు ఆలస్యమయ్యాయన్నారు. మామిడిపళ్లు ఈ ఏడు రుచిగా లేవన్నారు. మోకాళ్లకు ఏదో నూనె రాస్తున్నానన్నారు. కొడుకు మాట మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి మామూలుకన్న ఎక్కువసేపే పట్టింది. “వస్తా మేష్టారూ” అని వెళ్లిపోయారు.

“అన్నయ్యగారు కాఫీ సగం వదిలేశారండీ” అంది మా ఆవిడ గ్లాసు తీస్తూ.

పద్దెనిమిదేళ్లలో మా ఇంట్లో ఆయన కాఫీ వదిలెయ్యడం అదే మొదటిసారి. నోరు తెరిచి సిఫారసు చేసినవాడికి ఏదో ఒక సమాధానం చెప్పి పంపవచ్చు. వదిలేసిన అరగ్లాసు కాఫీకి ఏం సమాధానం చెబుతాం?

ఈ మథనలో ఉండగా మా మేనల్లుడు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. అలబామా రాష్ట్రంలో టస్కలూసా అనే ఊళ్లో యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. నా గోడు చెప్పుకుంటే వాడు పకపకా నవ్వి, “మామయ్యా, కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ని వెతకడమంటే ఏమిటో నన్నడుగు. జనవరిలో మా ఊరు ఊరంతా నిద్రపోలేదు” అన్నాడు.

ముందుగా చెప్పవలసిందేమంటే, వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రంగా ఉండదు, దోసకాయలా కోలగా ఉంటుంది. పేరులో కాలు ఉందే గాని పనంతా ఎక్కువగా చేతులతోనే. అయినా ఆ ఊరికి అదే ప్రాణం. ఊరి జనాభా ఇంచుమించు లక్ష. యూనివర్సిటీ స్టేడియంలో కూర్చునే చోటు కూడా లక్షకు పైనే. ఆ దేశంలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వరంగంలో అందరికన్న ఎక్కువ జీతం అందుకునేది గవర్నరూ కాదు, వైస్‌చాన్సలరూ కాదు, యూనివర్సిటీ కోచ్. తెలుగు లెక్చరర్లం ఈ వాక్యాన్ని చదివి గట్టిగా ఊపిరి పీల్చుకుని ముందుకు సాగాలి.

అక్కడ నిక్ సేబన్ అనే ఆయన 2007 నుంచి పదిహేడు సీజన్లు కోచ్‌గా ఉండి, ఆరుసార్లు జాతీయ చాంపియన్‌షిప్పు తెచ్చిపెట్టాడు. డెబ్బైరెండేళ్ల వయసులో, 2024 జనవరి 10న ఉన్నట్టుండి రిటైరవుతున్నానన్నాడు. రెండు రోజులు తిరిగేసరికి, 12వ తేదీకల్లా, కొత్త కోచ్ ఖాయమైపోయాడు. కాలెన్ డిబోర్ అని, వాషింగ్టన్ యూనివర్సిటీ కోచ్. అంతకు నాలుగు రోజుల ముందే, జనవరి 8న, తన జట్టును జాతీయ ఫైనలు దాకా తీసుకువెళ్లి మిషిగన్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఓటమి దుఃఖం తీరకముందే వాషింగ్టన్‌వాళ్లకు కోచ్ కూడా పోయాడు. వాళ్లు వెళ్లి అరిజోనా కోచ్‌ని తెచ్చుకున్నారు. అరిజోనావాళ్లు శాన్‌హోసే స్టేట్ కోచ్‌ని లాక్కున్నారు. మన బదిలీల జాబితాలో ఒక పేరు కదిలితే నాలుగు ఊళ్లలో సామాను కట్టుకున్నట్టే. కోచ్ మారితే ఆటగాళ్లు ముప్ఫై రోజుల్లో వేరే యూనివర్సిటీకి వెళ్లవచ్చునని అప్పటి నిబంధన. కొందరు వెళ్లిపోయారు కూడా.

“రెండు రోజుల్లో ఎలా తేల్చార్రా? మేము ముగ్గురం రెండు వారాలుగా తేల్చలేకపోతున్నాం” అన్నాను.

“ఇది రెండు రోజుల కథ కాదు మామయ్యా, నలభయ్యేళ్ల కథ” అని వాడు పాత చరిత్ర విప్పాడు.

సేబన్‌కు ముందు ఆ ఊరికి బేర్ బ్రయంట్ అనే మహానుభావుడు ఉండేవాడు. 1958 నుంచి 1982 దాకా ఆయనే కోచ్. ఆయనవీ ఆరు చాంపియన్‌షిప్పులు. 1982 డిసెంబరు చివర ఆఖరి ఆట ఆడించి పదవి వదిలాడు. నెల తిరగకుండానే, 1983 జనవరి 26న, కన్నుమూశాడు. ఆ తరవాత ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా జనం కళ్లకు కుర్చీ వెనక బ్రయంటే కనిపించేవాడు. మొదట ఆయన శిష్యుడైన రే పెర్కిన్స్‌ను తెచ్చారు, నాలుగు సీజన్లకే వెళ్లిపోయాడు. తరవాత బయటివాడైన బిల్ కర్రీని తెచ్చారు. 1988లో ఒక ఆట ఓడిపోతే ఎవరో ఆయన ఆఫీసు కిటికీలోంచి ఇటుక విసిరారు. 1989లో పది ఆటలు గెలిపించి కూడా ఆయన అక్కడ ఉండలేక వెళ్లిపోయాడు. మళ్లీ బ్రయంట్ శిష్యుడే అయిన జీన్ స్టాలింగ్స్ వచ్చాడు. 1992లో చాంపియన్‌షిప్పు తెచ్చాడు. ఆ తరవాత పదేళ్లలో ఆ కుర్చీ నాలుగు చేతులు మారింది. వాళ్లలో అలబామా పాత ఆటగాళ్లూ ఉన్నారు, బయటివాళ్లూ ఉన్నారు. ఒకాయన అయితే ఒక్క ఆటైనా ఆడించకుండానే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఎవరూ నిలవలేదు. చివరికి సేబన్. ఆయన కూడా 2006 డిసెంబరులో “నేను అలబామాకు రాను” అని పత్రికలవాళ్ల ముందు చెప్పి, పక్షం రోజులు తిరగకుండానే, ఎనిమిదేళ్లకు మూడుకోట్ల ఇరవై లక్షల డాలర్ల ఒప్పందంతో వచ్చి చేరాడు.

“ఇంతకీ నీతి ఏమిట్రా?” అన్నాను.

“నీతి లేదు మామయ్యా. శిష్యుడైతే గెలుస్తాడనీ లేదు, పరాయివాడైతే ఓడిపోతాడనీ లేదు. కాకపోతే పరాయివాడికి ఇటుకలు త్వరగా పడతాయి.”

ఫోన్ పెట్టేశాక నాకు మరో కోచ్ గుర్తుకొచ్చాడు. ఈయన మనవాడే. హైదరాబాదు రహీం సాబ్. ఆయన్ని గురించి నాకు చెప్పినది మా కోచ్‌గారే. 2024 ఏప్రిల్‌లో రహీం జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ సినిమా వస్తే, నన్ను బలవంతాన తీసుకుపోయి చూపించి, తరవాత టీ కొట్టు బల్లమీద కూర్చోబెట్టి గంటసేపు అసలు కథ చెప్పారు.

సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదువుకుని బడిపంతులుగా పనిచేసినవాడు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చుకుంది. నడుమ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది. జకార్తా ఫైనలు నాటికే ఆయన్ని కాన్సర్ పీడిస్తోంది. 1963 జూన్‌లో పోయాడు. కుర్రాళ్లకు బలం లేని కాలితో మాత్రమే బంతి తన్నాలని షరతు పెట్టి పోటీలు నడిపించేవాడట. అమ్ముగూడ నుంచి వచ్చే తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడికి సైకిలు అద్దె డబ్బులు తానే ఇచ్చి ఆటకు రప్పించాడట. ఆ బలరామే తరవాత దేశం మెచ్చిన ఆటగాడయ్యాడు.

ఇవన్నీ చెప్పి, టీ చల్లారిపోయాక, మా కోచ్‌గారు ఒక మాటన్నారు. “మేష్టారూ, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో రహీం సాబ్ కొడుకు హకీం కూడా ఉన్నాడు. జట్టు కోచ్ తండ్రే. కాని ఆ కుర్రాడికి ఒక్క మ్యాచ్‌లో కూడా ఆడే వంతు రాలేదు. చూశారా? అదండీ మనిషంటే.”

ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్లు మెరిశాయి. అప్పటికి ఆయన కొడుకు దరఖాస్తు పెట్టలేదు.

సరే, మా కమిటీ సంగతికి వస్తాను. ఐదుగురిలో ముగ్గురు కాగితాల దగ్గరే ఆగిపోయారు. మిగిలినవారు ఇద్దరు. ఒకడు మా కోచ్‌గారబ్బాయి. రెండోవాడు ఖరగ్‌పూర్ నుంచి వచ్చినవాడు. అక్కడ రైల్వే పనులకు తాతల నాడు వలసపోయిన తెలుగువాళ్లు వేలమంది ఉన్నారు గదా, ఆ కుటుంబాల్లోనివాడు. పటియాలా జాతీయ క్రీడాసంస్థలో కోచింగ్ డిప్లొమా చేశాడు. వయసు నలభైకి దగ్గర. తెలుగు మాట్లాడుతాడు గాని అందులో బెంగాలీ యాస తొంగిచూస్తుంది. “మీ తెలుగు చాలా బాగుంది” అని మర్యాదకు అన్నాను. “మా అమ్మ తెలుగండీ, నా తెలుగు కాదు” అన్నాడు.

నాకు ఆట తెలియదు గనక ఒక్కటే సలహా ఇచ్చాను. మాటలు వినడం కాదు, ఇద్దరినీ చెరొక ఉదయం రెండేసి గంటలు కుర్రాళ్లతో గ్రౌండులో వదిలిపెడదాం, మనం వేపచెట్టు కింద కూర్చుని చూద్దాం అన్నాను. ఆట తెలియకపోయినా పాఠం చెప్పడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇరవయ్యేళ్ల నుంచి చేస్తున్న పని అదే గదా.

మొదటిరోజు మావాడు. గ్రౌండు కళకళలాడిపోయింది. అందరి పేర్లూ తెలుసు. “ఒరే, నీ మడమ నొప్పి తగ్గిందా?” అంటూ పలకరించాడు. బంతి అతని కాలికి అతుక్కుపోయినట్టుండేది. ఒకడికి ఏదైనా రాకపోతే, “ఇలా ఇవ్వు, చూడు” అని తాను చేసి చూపించేవాడు. ఎంత చక్కగా చేసేవాడో! కుర్రాళ్లు ఈలలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. రెండు గంటలు రెండు నిమిషాల్లా గడిచాయి.

మర్నాడు ఖరగ్‌పూర్ మనిషి. కుర్రాళ్లు మొహాలు ముడుచుకునే వచ్చారు. పేర్లు అడిగాడు, మరిచిపోయాడు, మళ్లీ అడిగాడు. గ్రౌండును సున్నపు గీతలతో చిన్న చిన్న గదులు చేశాడు. నలుగుర్ని ఒక గదిలో పెట్టి ఆడించి, ఉన్నట్టుండి ఈల వేసి ఆపేవాడు. “బంతి అతనికే ఎందుకిచ్చావు? ఇంకెవరున్నారు? చూశావా?” అని అడిగేవాడు. కుర్రాడు తల గోక్కునేవాడు. జవాబు చెప్పేదాకా ఆట సాగనిచ్చేవాడు కాదు. తాను మాత్రం బంతి ముట్టుకోలేదు. ఎప్పుడూ నీళ్లసీసాలు మోస్తూ గీత బయట కూర్చునే ఒక పొట్టి కుర్రాణ్ణి పిలిచి మధ్యలో నిలబెట్టాడు. వాడు మూడుసార్లు తప్పుచేసి నాలుగోసారి సరిగా చేశాడు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. చూసేవాళ్లకు విసుగ్గానే ఉంది.

నా పక్కన కూర్చున్న రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టరుగారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, “నిన్న అతను ఆడాడు. ఇవాళ ఇతను ఆడిస్తున్నాడు” అన్నారు.

ఆ మాట నాకు చురుక్కున తగిలింది. కారణం ఫుట్‌బాల్ కాదు. నేను క్లాసులో రాగయుక్తంగా పద్యం చదివితే పిల్లలు బల్లలు చరుస్తారు. “మా మేష్టారు పద్యం చదివితే అంతేనండీ” అని ఊళ్లో చెప్పుకుంటారు. కాని ఒకణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, ఆ పద్యానికి గురులఘువులు వెయ్యమంటే లేచేవాడుండడు. లోటు వాళ్లది కాదు. లేచేదాకా ఆగే ఓపిక నాకు లేదు. “ఇలా ఇవ్వు సుద్దముక్క” అని నేనే వేసి చూపిస్తాను. ఇరవయ్యేళ్లుగా నేను ఆడుతున్నానే గాని ఆడించడం లేదన్న సంగతి, ఆ వేపచెట్టు కింద తెలిసింది.

అయితే ఇందులో రెండోవైపు కూడా ఉంది. కెప్టెన్ని పిలిచి అడిగితే “చిన్నసార్‌నే వెయ్యండి సార్” అన్నాడు. మిగతావాళ్లదీ అదే మాట. నీళ్లసీసాల కుర్రాడు మాత్రం ఏమీ అనలేదు. గుచ్చి అడిగితే, “కొత్తసారు నా పేరు రెండుసార్లు అడిగారండి” అన్నాడు. ప్రిన్సిపాలుగారి వాదన కూడా తోసెయ్యదగ్గది కాదు. “ఊరివాడు ఊళ్లో ఉంటాడు. ఆ ఖరగ్‌పూర్ ఆయన రేపు ఎక్కడో ఇంతకు రెట్టింపిస్తామంటే పెట్టె సర్దుకుంటాడు. మనమిచ్చే గౌరవవేతనం ఎంత గనక? పైగా పాత కోచ్‌గారి ముఖం చూసి పూర్వవిద్యార్థులు బూట్లకూ ప్రయాణాలకూ డబ్బిస్తున్నారు. అది ఆగిపోతే కుర్రాళ్ల గతేమిటి?” అన్నారు. ఆయన ఓటు మావాడికి. ఫిజికల్ డైరెక్టరుగారి ఓటు పరాయివాడికి. ఇద్దరూ కలిసి నా మొహం చూశారు. మర్నాడు చెబుతానన్నాను.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మా ఆవిడతో చెప్పాను. ఆవిడ అంతా విని, “అన్నయ్యగారికి ఏం కావాలో మీరెందుకు ఆలోచిస్తారు? మీ చోట అన్నయ్యగారే కూర్చుంటే ఏం చేస్తారో అది చెయ్యండి” అంది.

టీ కొట్టు బల్లమీద మెరిసిన ఆ కళ్లు నాకు జ్ఞాపకమొచ్చాయి. మర్నాడు ఖరగ్‌పూర్ మనిషి పేరు ఎదుట సంతకం పెట్టాను.

ఇంతవరకూ నేను చేసింది సరైనదో కాదో పాఠకులు నిర్ణయించుకోవచ్చు. కాని తరవాత నేను చేసింది మాత్రం నిస్సందేహంగా తప్పు. సంతకం పెట్టినవాణ్ణి తిన్నగా కోచ్‌గారింటికి వెళ్లి, “ఇలా చేశానండీ, ఇదీ కారణం” అని చెప్పవలసింది. ధైర్యం చాలలేదు. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాను. ఈలోగా నోటీసు బోర్డుమీద కాగితం అంటించారు. ఆయన దాన్ని ఆ బోర్డుమీద, కుర్రాళ్ల మధ్య నిలబడి చదువుకున్నారట.

ఆ తరవాత చెరువుగట్టు మీద నేను ఒక్కణ్ణే నడిచాను. ఆయన దారి మార్చుకున్నారు. రోడ్డుమీద ఎదురైతే “బాగున్నారా?” అనేవారు. పద్దెనిమిదేళ్ల స్నేహితుడు “బాగున్నారా?” అని మాత్రమే అంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. విచిత్రమేమంటే, ఉద్యోగం రాని ఆ కుర్రవాడే నాతో ముందు మాట్లాడాడు. బజార్లో కనబడి, “బాబాయిగారూ, పక్క ఊళ్లో స్కూల్లో చిన్నపిల్లలకు నేర్పడానికి చేరాను. పై లైసెన్సుకు కూడా చదువుకుంటున్నాను” అన్నాడు. నాకు ఏమనడానికీ నోరు రాలేదు.

పోనీ, కొత్త కోచ్ రాగానే కప్పులు వచ్చిపడ్డాయా అంటే అదీ లేదు. అక్టోబరులో ఆడిన రెండు మ్యాచ్‌లూ మా జట్టు ఓడిపోయింది. “పద్యాలు చెప్పుకునేవాడికి బంతి సంగతేం తెలుసు?” అని స్టాఫ్‌రూములో గోడలు కూడా అన్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మేనల్లుడి ఫోన్. అక్టోబరు 5న వాళ్ల అలబామా కూడా వాండర్‌బిల్ట్ అనే జట్టు చేతిలో 35-40 తేడాతో ఓడిపోయిందట. అప్పటికి దేశంలో మొదటి ర్యాంకు అలబామాదే. వాండర్‌బిల్ట్ చేతిలో ఓడిపోవడం 1984 తరవాత అదే మొదటిసారి. ఊరంతా కొత్త కోచ్‌ని తిట్టిపోస్తోందట. ఆ సీజను పూర్తయ్యేసరికి ఓటములు నాలుగయ్యాయి.

“నీ కిటికీలోంచి ఇటుక పడిందా మామయ్యా?” అన్నాడు.

“మనవాళ్లు ఇటుకలు వృథా చెయ్యర్రా. మాటలతో సరిపెట్టుకుంటారు” అన్నాను.

2025లో సంక్రాంతి సెలవులయ్యాక ఒక సాయంత్రం క్లాసులు ముగించుకుని గ్రౌండు పక్కగా వస్తున్నాను. అవతలివైపు ప్రహరీగోడ దగ్గర ఎవరో నిలబడి ఆట చూస్తున్నారు. మెడలో ఈల లేదు గనక వెంటనే పోల్చుకోలేకపోయాను. కోచ్‌గారు. చేతికర్ర గోడకు ఆనించి, రెండు చేతులూ గోడమీద పెట్టుకుని చూస్తున్నారు. నేను దగ్గరికి వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆయన నావైపు తిరగలేదు. చాలాసేపటికి, “ఆ పొట్టివాడు ఎడమకాలితో ఇస్తున్నాడు, చూశారా?” అన్నారు.

నాకేం తెలుస్తుంది? “అవునండీ” అన్నాను.

“అందరూ ఇస్తున్నారు. ఎడమకాలు నేర్పుతున్నాడు.” కాసేపు ఆగి, “నేను నేర్పలేదు” అన్నారు.

ఆటలో ఎవరో గోలు వేశారు కాబోలు, కేకలు వినిపించాయి. మేమిద్దరం నడక సాగించాం. ఎటు వెళ్తున్నామో అనుకోకుండానే చెరువుగట్టు వచ్చింది. సగం దూరం వెళ్లాక ఆయన అన్నారు. “రహీం సాబ్ కొడుకు సంగతి మీకు చెప్పినవాణ్ణి నేనే. ఇంట్లో వాడికి కూడా ఆ కథే చెప్పాను, నోటీసు చూసివచ్చిన రోజు. మీ సంతకం మీద నాకు కోపం లేదు మేష్టారూ. కాని మీరొచ్చి చెబుతారని వారం రోజులు ఎదురుచూశాను.”

“తప్పయిపోయిందండీ” అన్నాను. అంతకన్న మంచిమాట నా ఎమ్మే చదువులో ఎంత వెతికినా దొరకలేదు.

“సరే పదండి” అన్నారాయన. “ఆర్నెల్లయింది మీ ఇంటి కాఫీ తాగి.”

మా కుర్రాళ్లు ఆ ఏడాది కప్పు గెలవలేదు. ఆ ఖరగ్‌పూర్ మనిషి రేపు పెట్టె సర్దుకుని వెళ్లిపోతాడేమో, ప్రిన్సిపాలుగారి మాటే నిజమవుతుందేమో, ఎవరు చెప్పగలరు? ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు నా క్లాసులో పద్యం చదివాక సుద్దముక్క పిల్లల చేతికిస్తున్నాను. గంట కొట్టేదాకా ఒక్కపాదానికే గురులఘువులు పడుతున్నాయి. బల్లలు చరిచేవాళ్లు తగ్గారు.

ఆ రాత్రి కోచ్‌గారు వెళ్లిపోయాక మా ఆవిడ గ్లాసు తీసి వెలుతురులో నాకు చూపించింది. అడుగున చుక్క కూడా మిగల్లేదు.